తిరగేసి అంటించిన పెట్టె

మార్చి 4, సోమవారం

నిన్నటిది వరసగా రాసి పెట్టుకోవాలి. రిమోట్ హెలికాప్టర్ల క్లబ్బు వాళ్లు అడుగుతారు, అప్పుడు తడుముకోకూడదు. ల్యాబ్‌లో నేను చేసే ప్రతి కట్టుడు పళ్ల సెట్టుకీ ఒక కాగితం ఉంటుంది, ఏ రోజు అచ్చు పోశాను, ఏ రోజు కొలత చూశాను అని. పదిహేడేళ్లలో ఒక్క సెట్టు కూడా నోట్లో పట్టలేదని వెనక్కి రాలేదు. (రెండు వచ్చాయి. ఆ రెండిటికీ డాక్టరు తీసిన అచ్చే తప్పు.)

ఉదయం ఎనిమిదింటికి మైదానం. నేను, మా ఆవిడ, బావమరిది. వాడి కొత్త హెలికాప్టర్ మొదటిసారి ఎగరాలి. రిమోట్‌తో ఎగిరేదే గానీ, బొమ్మ అంటే వాడికి ఒళ్లు మండుతుంది. నిజమే, ఆ పెద్ద రెక్కలు తిరుగుతున్నప్పుడు దగ్గర నిలబడిన వాళ్లెవరూ దాన్ని బొమ్మ అనరు. రెండు నెలలు మా ముందుగదిలో కట్టాం. మరలన్నీ వాడు బిగించాడు. వైర్లూ జైరో నావి. సెలూన్‌లో వాడు తన కత్తి ఇంకొకరి చేతికి ఇవ్వడు, నేను జైరో ఇంకొకరికి ఇవ్వను.

జైరో అంటే అగ్గిపెట్టెంత పెట్టె. హెలికాప్టర్ ఎటు తిరగబోయినా, ఎటు ఒరగబోయినా పసిగట్టి ఎదురు తోస్తుంది, మనిషి చెయ్యి కదిలే లోపే. అది లేకపోతే తోక నిలవదు. శనివారం సాయంత్రం దాని పరీక్షలన్నీ చేశాను. హెలికాప్టర్‌ను చేత్తో పట్టుకుని తోకను ఎడమకు తిప్పితే, తోక రెక్కలు దాన్ని కుడికి తోసేలా కదిలాయి. ముక్కు కిందికి వంచితే పైన రెక్కలను వంచే పళ్లెం వెనక్కి వాలింది. రెండుసార్లు చూశాను. బావమరిది పక్కనే ఉన్నాడు.

మైదానంలో మూరెడు ఎత్తు లేచింది. లేచీ లేవగానే గిర్రున తిరిగింది. ఒక చుట్టు, రెండు, మూడు, తర్వాత లెక్కకు అందలేదు. ముక్కు వంగి, పక్కకు పడి, నేలను కొట్టుకుంటూ మా ఆవిడ ఉన్న వైపే పోయింది. ఆవిడ మాకు దూరంగా, చూసేవాళ్లు నిలబడే గీత అవతలే నిలబడింది. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. విరిగిన రెక్క ముక్క ఆ చేతికి తగిలింది. కుడి చెయ్యి, మోచేతి కింద. పదకొండు కుట్లు. నరం తెగలేదన్నారు. చెయ్యి అడ్డం పెట్టకపోయి ఉంటే, అని డాక్టరు ఏదో అనబోయి నా మొహం చూసి ఆపేశాడు.

బావమరిది రిమోట్ గడ్డిలో పడేసి "అక్కా" అని పరిగెత్తాడు. క్లబ్బులో భద్రత చూసే పెద్దాయన ఆ రిమోట్ తీశాడు. ఆయన్ని వెనకాల అందరం రూళ్లకర్ర అంటాం, మాట కూడా గీత గీసినట్టే ఉంటుంది. "పల్టీల స్విచ్ కిందికి ఉందే" అన్నాడు. అది వేస్తే మోటారు ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుంటుంది. నేల మీద ఉండగా ఎవరూ వెయ్యకూడదు. బావమరిది ఆ మాట విన్నాడు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనే నొక్కి ఉంటా" అన్నాడు.

నేను ఏమీ అనలేదు. అలాంటప్పుడు ఎవరైనా ఏమంటారు.

మార్చి 5, మంగళవారం

శనివారం నేను చూశాను. రెండుసార్లు.

మార్చి 7, గురువారం

మా ఆవిడ బడికి సెలవు పెట్టింది. ఊరికే కూర్చోలేక ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంటోంది. "నా క్లాసులో ఆఖరి బెంచీ వాడి కన్నా ఘోరంగా ఉంది" అని కాగితం నాకు చూపించి నవ్వింది. నేనూ నవ్వాను. అక్షరాలు నిజంగానే ఘోరంగా ఉన్నాయి.

సాయంత్రం బావమరిది వచ్చాడు. గుమ్మం దాటలేదు.

"లోపలికి రారా. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినోడిలా ఆ నిలబడ్డమేంటి?" అంది ఆవిడ.

"నొప్పిగా ఉందా అక్కా?"

"నువ్వు అడిగినప్పుడల్లా ఉంటోంది. అడగడం మానెయ్."

వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. అక్క మొహం చూడడు, కట్టు చూడడు, ఆవిడ చెప్పుల వైపు చూస్తూ మాట్లాడాడు. "నొక్కినట్టు నాకు తెలిస్తే పోనీ అనుకునేవాణ్ణక్కా. నాకు తెలీలేదు. నా వేలు నాకు తెలీకుండా నొక్కింది. అదే భయంగా ఉంది."

"ఏదో అయింది, వదిలెయ్. ప్రాణం మీదికి రాలేదుగా."

"రేపు కత్తి పట్టుకున్నప్పుడు కూడా తెలీకుండా కదిలితే?"

నీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లాను. గ్లాసు నిండి పొర్లి, కాలి మీద పడేదాకా కుళాయి దగ్గరే ఉన్నాను.

మార్చి 9, శనివారం

ల్యాబ్‌కి రూళ్లకర్ర ఫోన్ చేశాడు. మనిషికి దెబ్బ తగిలితే జైరోలో ఉన్న సెట్టింగులు చదివి పుస్తకంలో రాయాలట, క్లబ్బు నియమం. రేపు కాదు, పై ఆదివారం, పదిహేడున, మైదానం దగ్గర షెడ్డులో. విరిగిన హెలికాప్టర్ ఎక్కడుంది అని అడిగాడు. మా ఇంట్లో మెట్ల కింద అట్టపెట్టెలో ఉందని చెప్పాను.

"మంచిది. అప్పటిదాకా ముట్టుకోకండి. మీ దగ్గరుంటే నాకు దిగుల్లేదు."

"అలాగేనండీ."

ఈరోజు ఒక పెద్దావిడ సెట్టు పూర్తి చేశాను. పై పళ్లూ కింది పళ్లూ కలుస్తున్నాయో లేదో మూడుసార్లు చూశాను. మామూలుగా ఒకసారి చాలు.

మార్చి 10, ఆదివారం

ఒక సంగతి ఇక్కడ రాయలేదు. పెద్ద సంగతేం కాదు.

ఆ ఆదివారం పొద్దున బయల్దేరబోతుంటే హెలికాప్టర్ ముందు తొడుగు సరిగ్గా పట్టలేదు. జైరో వైరు ప్లగ్గు దానికి తగులుతోంది. ఎనిమిదింటికి మైదానంలో ఉండాలి, ఏడున్నర అయింది. పెట్టెను ఊడదీసి, అది అంటించి ఉన్న పలకకే కింది వైపున, కొత్త జిగురు టేపు వేసి అంటించాను. తొడుగు హాయిగా కూర్చుంది. రిమోట్ పుల్లలు అన్ని వైపులా కదిపి చూశాను. రెక్కలు కదలాల్సినట్టే కదిలాయి.

"అంతా చూశావా బావా?" అన్నాడు వాడు కారు డిక్కీ తెరుస్తూ.

"చూశాను" అన్నాను. అబద్ధం కాదు. శనివారం చూశాను కదా.

పలక కింద అంటిస్తే పెట్టె తలకిందులవుతుంది. ఆ సంగతి సెట్టింగులో దానికి చెప్పాలి. చెప్పకపోతే ఎడమను కుడి అనుకుంటుంది. తోక ఎటు తిరుగుతుంటే అటే ఇంకా తోస్తుంది. పుల్లలు కదిపితే ఈ తప్పు బయటపడదు, చేత్తో తోక తిప్పి చూస్తేనే బయటపడుతుంది. కొత్తవాళ్లందరికీ నేను మొదటి రోజు చెప్పేది ఇదే.

సెట్టింగు మార్చాననే అనుకుంటున్నాను. చేతికి అలవాటైన పని గుర్తుండదు. పొద్దున తలుపుకు తాళం వేసిన సంగతి ఎవరికి గుర్తుంటుంది?

మార్చి 12, మంగళవారం

మార్చాను. నూటికి తొంభై పాళ్లు మార్చే ఉంటాను.

మార్చి 13, బుధవారం

ఈరోజు కుట్లు విప్పే రోజు. పనుందని చెప్పి నేను వెళ్లలేదు. బావమరిది తీసుకెళ్లాడు. ల్యాబ్‌కి సగం రోజు సెలవు పెట్టాను.

వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర ఉన్నాను. తర్వాత అట్టపెట్టె బయటికి లాగాను. చూడ్డానికే. చూస్తే దిగులు తీరిపోతుందని. తోక వంగిపోయింది, తొడుగు రెండు ముక్కలు, పలక మాత్రం చెక్కు చెదరలేదు. దాని కింద పెట్టె, టేపుకు మట్టి అంటుకుని, నేను అంటించిన చోటే ఉంది. బ్యాటరీ తగిలించి ల్యాప్‌టాప్‌కి కలిపాను. నీలం దీపం వెలిగింది. మొదటి పేజీలోనే ఉంటుంది ఆ ప్రశ్న, పెట్టెను ఎలా అంటించారు అని, పక్కన రెండు బొమ్మలు. నిటారుగా ఉన్న బొమ్మ మీద టిక్కు ఉంది.

చాలాసేపు చూశాను. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.

స్విచ్ కూడా కిందికి ఉందిగా. అదీ జరిగి ఉండొచ్చు, ఇదీ జరిగి ఉండొచ్చు. రెండూ జరిగినప్పుడు దేనివల్ల అయిందో ఎవరు చెప్పగలరు? పైగా వాడు ఎలాగూ తన తప్పేనని ఒప్పేసుకున్నాడు. ఇప్పుడు ఇంకొకటి బయటికి తీస్తే వాడికి దిగులు తగ్గుతుందా, మా ఆవిడ చెయ్యి ముందే మానుతుందా? సెట్టింగు ఎలా ఉండాలో అలా పెట్టడం తప్పెలా అవుతుంది?

మార్చాను.

సేవ్ నొక్కి, తీసి, మళ్లీ కలిపి చూశాను. తలకిందుల బొమ్మ మీద టిక్కు. రెండుసార్లు చూశాను.

వాళ్లు వచ్చేసరికి అట్టపెట్టె మెట్ల కింద ఉంది, నేను టీ పెడుతున్నాను. "చూడండి, బ్యాగుకు జిప్పు కుట్టినట్టుంది" అని ఆవిడ చెయ్యి చాపింది. నేను ఇద్దరికీ టీ పోసి ఇచ్చాను.

మార్చి 17, ఆదివారం

షెడ్డులో నలుగురం. రూళ్లకర్ర, ఆయన పక్కన పుస్తకం పట్టుకున్న సభ్యుడు, నేను, బావమరిది. ఆయన వేలితో తెర మీద ఒక్కొక్క గీతే చదివాడు. నేను గోడ మీద తగిలించిన నియమాల బోర్డు చదువుతున్నట్టు నటించాను.

"పెట్టె తలకిందులుగా అంటించారు" అన్నాడాయన.

బోర్డు మీంచి కళ్లు తిప్పాను.

"తొడుగు పట్టలేదండీ, అందుకని."

"సెట్టింగు కూడా తలకిందులే ఉంది. శభాష్. చాలామంది ఇక్కడే మరిచిపోతారు." పుస్తకంలో రాసేవాడి వైపు తిరిగాడు. "జైరోలో దోషం లేదు అని రాయండి."

ఆ శభాష్ అన్న మాటకు నేను తల ఊపాను. ఎందుకు ఊపానో తెలియదు.

బావమరిదిని ఏడాది పాటు ఒంటరిగా ఎగరేయకూడదన్నారు. వాడికి చీమ కుట్టినట్టయినా లేదు. "ఏడాది ఎందుకండీ, నేనిక రిమోట్ ముట్టుకోను" అన్నాడు. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీ పని సరిగ్గానే ఉందని తేలింది బావా, నాకదే చాలు. నీకు కూడా మాట వస్తుందేమోనని వారం నుంచి భయపడి చస్తున్నా."

మార్చి 18, సోమవారం

అయిపోయింది. నిన్న బాగా నిద్ర పట్టింది.

మార్చి 21, గురువారం

నిద్ర పట్టిందని రాశాను. పట్టలేదు.

ల్యాబ్ నుంచి వస్తూ సెలూన్‌లోకి వెళ్లాను. రెండు కుర్చీలూ ఖాళీ. వాడు బెంచీ మీద కూర్చుని తన కుడి చేతి వేళ్లను చూసుకుంటున్నాడు, ఒక్కొక్కటీ మడిచి తెరుస్తూ.

నేనుండగానే ఒకాయన గడ్డానికి వచ్చాడు. "మిషన్‌తో అయితే జుట్టు కత్తిరిస్తానండీ, గడ్డం చెయ్యట్లేదు" అన్నాడు వాడు. ఆయన వింతగా చూసి ఎదుటి వీధి వైపు వెళ్లిపోయాడు.

"వారం నుంచి ఇంతే" అన్నాడు నాతో. "మొన్న ఒకాయన గొంతు దగ్గర చెయ్యి వణికింది. తెగలేదు, కానీ వణికింది. పద్నాలుగేళ్లలో ఎప్పుడూ వణకలేదు బావా. కత్తి పట్టుకోగానే ఆ స్విచ్ గుర్తొస్తుంది. నేను నొక్కలేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ నొక్కాను. అంటే నాకు అనిపించేదాన్ని నమ్మకూడదు."

"అలసట అయ్యుంటుంది. విటమిన్లు వాడు" అన్నాను.

విటమిన్లు వాడమన్నాను.

మార్చి 24, ఆదివారం

మైదానానికి వెళ్లలేదు. ల్యాబ్‌కి వెళ్లాను. వెళ్లాక గుర్తొచ్చింది, ఈరోజు తాళం వేసి ఉంటుందని.

మార్చి 26, మంగళవారం

మా ఆవిడ ఈరోజు బడికి వెళ్లింది. బోర్డు మీద ఎత్తుగా రాయలేక కింది సగంలోనే రాసిందట. ఆ సంగతి నవ్వుతూ చెప్పి, వెంటనే ఏడ్చింది. చేతికి కాదు.

"వాడు సెలూన్ వదిలేస్తాడటండీ. శనివారం పదకొండింటికి ఎవరో వచ్చి కుర్చీలవీ చూసుకుంటారట. గోదాంలో పెట్టెలు ఎక్కించే పనికి కుదురుకున్నాడు. అక్కడైతే ఎవరి గొంతూ కోసే భయం ఉండదక్కా అంటాడు. వాడి నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందండీ?"

"మాట్లాడదాంలే."

"మీరు చెప్తే వింటాడు. నా కన్నా మీ మాటంటేనే వాడికి గురి."

మార్చి 28, గురువారం

రేపు చెబుతాను.

మార్చి 29, శుక్రవారం

ఈరోజు కుదరలేదు. ల్యాబ్‌లో పని ఎక్కువ. (పని లేదు. మధ్యాహ్నం నుంచి పాత అచ్చులు కడిగాను.) శనివారం పదకొండు అంది ఆవిడ. పదింటికి వెళితే చాలు.

మార్చి 30, శనివారం

పదింటికి వెళ్లాను. సీసాలన్నీ అట్టపెట్టెలో సర్దేశాడు. అద్దాలు తుడుస్తున్నాడు.

"కూర్చో" అని వాడే అన్నాడు. "నీ గడ్డం ముళ్లపొదలా ఉంది. పోయే ముందు ఒక్కసారి ప్రయత్నిస్తా. నీ మీదైతే ప్రయత్నిస్తా. నువ్వు కదలవు, అరవవు."

కూర్చున్నాను. మెడకు బట్ట చుట్టాడు, నురగ రాశాడు, కత్తికి కొత్త బ్లేడు వేశాడు. చెవి దగ్గర మొదలుపెట్టాడు. దవడ దాకా బాగానే వచ్చింది. తర్వాత నా తల వెనక్కి వంచి గొంతు మీద కత్తి ఆనించాడు. చల్లగా తగిలింది. ఒక్క క్షణం ఆగి, వణకడం మొదలైంది. నా చర్మం మీద ఆ అంచు చిన్నగా కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. వాడు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"చూశావా" అన్నాడు. "నేను చెప్పినట్టు ఇది వినట్లేదు. ఆ రోజూ ఇంతే అయ్యుంటుంది."

"ఆ రోజు నీ వేలు ఏమీ చెయ్యలేదు" అన్నాను నురగ మొహంతోనే.

"ఊరుకో బావా."

"స్విచ్ ముందే వేసి ఉంటే మోటారు హోరు అందరికీ వినిపించేది, అది నువ్వు రిమోట్ పడేసినప్పుడు పడింది. జైరోని పొద్దున పలక కింద అంటించింది నేను. సెట్టింగు మార్చలేదు. తోక తిప్పి చూడలేదు. నువ్వు అడిగితే చూశానన్నాను."

"రూళ్లకర్ర చదివాడుగా. సరిగ్గా ఉందన్నాడుగా."

"ఆయన చదవడానికి నాలుగు రోజుల ముందు నేను మార్చాను. అక్క కుట్లు విప్పించుకున్న రోజు."

అద్దంలో వాడి మొహం చూశాను. నా మొహం నేను చూసుకోలేదు. వాడికి కోపం వచ్చినట్టు కూడా లేదు, లెక్క కూడుకుంటున్నట్టు ఉన్నాడు.

"ఆ రోజు అక్కను నేను తీసుకెళ్లా" అన్నాడు చివరికి.

"అవును."

"నీకు పనుందన్నావు."

"అవును."

"తిరిగొచ్చాక నువ్వు మాకు టీ ఇచ్చావు."

తల ఊపాను.

"తల వెనక్కి పెట్టు" అన్నాడు.

పెట్టాను. కత్తి మళ్లీ గొంతు మీదికి వచ్చింది. భయపడ్డాను. నాకోసమే రాసుకుంటున్న దాంట్లో దాచడం ఎందుకు, చచ్చేంత భయపడ్డాను. గుటక వేస్తే గొంతు ముడి అంచుకు తగులుతుందని గుటక కూడా వెయ్యలేదు. వాడి ఊపిరి గట్టిగా వినిపిస్తోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి, కళ్లలో నీళ్లు నిలిచాయి. చెయ్యి మాత్రం వణకలేదు. కింది నుంచి పైకి, మళ్లీ పై నుంచి కిందికి, గొంతు ముడి చుట్టూ, దవడ కింద పల్లంలో, ఒక్క చోట కూడా ఆగకుండా పోయింది. పూర్తి చేసి తడి గుడ్డతో తుడిచాడు. ఒక్క గాటు లేదు.

కత్తి పట్టుకున్న చేతిని దీపం కిందికి తీసుకెళ్లి చూసుకున్నాడు. వేళ్లు తెరిచాడు, మూశాడు. మళ్లీ తెరిచాడు. అప్పుడు ఏడ్చాడు.

నేను లేచి భుజం పట్టుకోబోతే చెయ్యి తోసేశాడు.

"వెళ్లు. అక్కకి నువ్వే చెప్పు, ఈరోజే. రేపు నేను అడుగుతా."

బయటికి వస్తుంటే కుర్చీలు చూడ్డానికి వచ్చినాయన ఎదురయ్యాడు. తలుపు మూసుకునే లోపు వెనక నుంచి బావమరిది మాట వినిపించింది, "ఇవ్వట్లేదండీ. సారీ. ఇవ్వట్లేదు."

మార్చి 31, ఆదివారం

ఆవిడకు నిన్న సాయంత్రమే చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చుంటే మధ్యలో ఆగిపోతానని.

అంతా విని మచ్చ మీద వేలితో రుద్దుకుంది. తర్వాత అంది, "చెయ్యి సంగతి వదిలెయ్యండి. తప్పు ఎవరైనా చేస్తారు. వాడు ఇరవై ఏడు రోజులు నా మొహం చూడకుండా మాట్లాడాడు. మీరు పక్కన కూర్చుని చూశారు."

"భయమేసింది."

"నాకు తెలిస్తే ఏం చేసేదాన్ని? కొట్టేదాన్నా? రెండు రోజులు మాట్లాడకపోదును. ఆ రెండు రోజులకి భయపడి వాడి చేతులు తీసేశారు మీరు."



ఈరోజు షెడ్డుకు వెళ్లి రూళ్లకర్రకు చెప్పాను. ఆయన అరవలేదు. "సెట్టింగు మరవడానికి నేను మిమ్మల్ని ఒక నెల ఆపేవాణ్ణి" అన్నాడు. "నమ్మి మీ ఇంట్లో ఉంచిన అట్టపెట్టెను తెరిచారు చూడండి, దానికి నా దగ్గర నియమం లేదు. ఇంతవరకు అవసరం పడలేదు." పుస్తకం తీసి, జైరోలో దోషం లేదు అన్న వాక్యాన్ని నిజంగానే రూళ్లకర్ర పెట్టి కొట్టేశాడు. బావమరిది పేరు మీద కూడా గీత గీశాడు. నా పేరు రాశాడు. ఇక మైదానానికి రావద్దన్నాడు.

మా ఆవిడ నాతో మాట్లాడట్లేదు. ఇది రెండు రోజుల్లో అయ్యేది కాదు.

ఏప్రిల్ 4, గురువారం

బావమరిది నిన్న ఇంటికి వచ్చాడట, నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు. అక్కాతమ్ముళ్లు ఏం మాట్లాడుకున్నారో తెలియదు. నేను వచ్చేసరికి ఆవిడ వంటింట్లో కూనిరాగం తీస్తోంది. నన్ను చూసి ఆపేసింది.

ఏప్రిల్ 7, ఆదివారం

వారం రోజులుగా గడ్డం గీసుకోలేదు. ఇంట్లో రేజరు ఉంది, నీళ్లున్నాయి, చేతులున్నాయి. గీసుకోలేదు.

సెలూన్‌కి వెళ్లి అద్దాల తలుపు లోంచి చూస్తే లోపల ముగ్గురు ఎదురుచూస్తున్నారు. కుర్చీలో ఒక ముసలాయన తల వెనక్కి వాల్చి ఉన్నాడు. బావమరిది ఆయనకేదో చెప్పి నవ్విస్తూ, నవ్వు ఆగేదాకా కత్తి పైకి ఎత్తి పట్టుకుని, ఆగగానే మళ్లీ ఆనిస్తున్నాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. ఎప్పుడూ నేను నేరుగా వెళ్లి రెండో కుర్చీలో కూర్చునేవాణ్ణి, "మా బావ" అని వాడు మిగతావాళ్లకు సర్దిచెప్పేవాడు. ఈరోజూ కాలు అటే పోయింది. వాడు తల తిప్పకుండానే కత్తి చివరతో బెంచీ చూపించాడు.

కూర్చున్నాను. ముగ్గురి వెనక, నాలుగోవాణ్ణి. ల్యాబ్ సంచిలో ఈ డైరీ ఉంది. ఇన్నాళ్లూ దీన్ని ఎవరి కంటా పడకుండా రాశాను. ఇప్పుడు పక్కవాడు తొంగి చూస్తున్నాడు, చూడనీ.

మొదటివాడు అయిపోయాడు. రెండోవాడికి జుట్టు కూడా ఉంది, అరగంట పట్టింది. ఈ అరగంటలో బావమరిది ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. పొమ్మని కూడా అనలేదు. మూడోవాడు ఇప్పుడే లేచి చొక్కా దులుపుకుంటున్నాడు.

వాడు బట్ట దులిపి, బ్లేడు మార్చి, అద్దంలోకి చూస్తూ "తర్వాతెవరు?" అంటున్నాడు. బెంచీ మీద ఇంకెవరూ లేరు. అది వాడికీ కనిపిస్తోంది. అయినా అడిగి, కత్తి చేత్తో పట్టుకుని, జవాబు కోసం ఆగాడు.

నేనే.